ఎడమ తలుపులో టిక్కు

మా కారు ఎడమవైపు అద్దం సగానికి దిగి అక్కడే ఆగిపోయింది. అప్పటికి ఆ కారుకి పదిహేనేళ్ళు దాటాయి, నాకు అరవై నాలుగు. మీ ఇద్దరిలో ఎవరిని ముందు తుక్కుకి వెయ్యాలో అని మా ఆవిడ ఒకప్పుడు ఆటపట్టించేది. ఈ అద్దం గొడవ వచ్చేనాటికి ఆటపట్టించడం మానేసింది. అసలు నాతో మాట్లాడటమే మానేసింది. అన్నం వడ్డించాననీ, గ్యాసుబండ వచ్చిందనీ, ఫోను మోగుతోందనీ తప్పితే మరో ముక్క లేదు.

ఎందుకో నాకు తెలుసనుకున్నాను. రిటైరయ్యాక విజయనగరం వెళ్ళిపోదామంది. ముప్పై ఆరేళ్ళు ఈ భిలాయిలోనే బతికాం, కొత్తగా ఎక్కడికీ రాలేనని నేను మొండికేసి ఇక్కడే రుఆబాంధా కాలనీలో చిన్న ఇల్లు చూశాను. కొన్నాళ్ళు వాదించింది, తర్వాత ఊరుకుంది. అలకేలే, తగ్గుతుందనుకున్నాను. ఏడాది దాటినా తగ్గలేదు. ఒకే ఇంట్లో ఉంటూ పక్కవాటా అద్దెకున్నవాళ్ళలా తిరుగుతుంటే నాకు ఒంట్లో సత్తువ లేకుండా పోయింది. కూర్చోబెట్టి అడుగుదామనుకునేవాణ్ణి, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని వాయిదా వేసేవాణ్ణి. ఆవిడ మళ్ళీ మునుపటిలా నాతో మాట్లాడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

అలాంటి రోజుల్లో ఈ అద్దం. అదీ ఆవిడ కూర్చునే వైపు. అంతకు ముందు వారమే ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నాలుగు రోజుల్లో మళ్ళీ చూపించుకోవాలి, దుమ్ము తగలకూడదన్నాడు డాక్టరు. భిలాయిలో, అందులోనూ మే నెలలో, దుమ్ము తగలకుండా ఉండమంటే ఊపిరి పీల్చొద్దన్నట్టే.

బాగుచేయడానికి బయటివాణ్ణి పిలవాలన్న ఆలోచనే నాకు రాలేదు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసినవాణ్ణి. ఇంటి గోడంత మోటార్లకి వైద్యం చేశాను, గుప్పెడంత మోటారు నాకొక లెక్కా! మా సెక్షన్లో ఒక పద్ధతి ఉండేది. పాడైందనగానే ఎవరూ స్పానరు పట్టుకోరు, ముందు వింటారు. స్క్రూడ్రైవరు మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి ఆనించి వింటే లోపల ఏ బేరింగు ఏడుస్తోందో తెలిసిపోయేది. విన్నాకే విప్పేవాళ్ళం. అలా వినడంలో నాకు పేరుండేది. నా తర్వాత వచ్చినవాళ్ళకి నేర్పింది కూడా నేనే.

కారు అద్దానికీ అదే లెక్క. స్విచ్ నొక్కినప్పుడు తలుపులో టిక్కుమంటే కరెంటు మోటారు దాకా వచ్చినట్టు, మోటారే బిగుసుకుపోయినట్టు. ఏ చప్పుడూ లేకపోతే కరెంటే రావడం లేదు, తీగలో లోపం. సాయంత్రం ఎండ తగ్గాక ఆవిడని కార్లో కూర్చోబెట్టి, నేను బయట మోకాళ్ళ మీద వంగి తలుపుకి చెవి ఆనించాను.

"నొక్కు!" అన్నాను.

నొక్కింది. చప్పుడు లేదు.

"నొక్కుతున్నావా?"

నల్లకళ్ళద్దాల్లోంచి నన్ను చూసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది.

"ఏటా గొణుగుడు? నోరు తెరిచి సెప్పొచ్చు కదా!" అని విసుక్కున్నాను.

ఆవిడ స్విచ్ వదిలేసి, కారు దిగి లోపలికి వెళ్ళిపోయింది. కనీసం దీనికైనా సాయపడొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండింది.

చప్పుడు లేదు కాబట్టి తీగలోనే లోపమని తీర్మానించాను. తలుపుకీ బాడీకీ మధ్య ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా అందులో తీగలు వంగి వంగి ఎక్కడో పుటుక్కుమంటాయి. మొదటిరోజు దాన్ని ఊడదీశాను. తీగలన్నీ బాగానే ఉన్నాయి. అయినా అనుమానం తీరక రెండింటిని కోసి, కొత్తగా మెలేసి టేపు చుట్టాను. రెండోరోజు ఫ్యూజు మార్చాను. మూడోరోజు పాత సామాన్ల కొట్టులో స్విచ్ తెచ్చి వేశాను. ప్రతిసారీ తలుపుకి చెవి ఆనించి నేనే చెయ్యి చాచి నొక్కుకున్నాను. ప్రతిసారీ నిశ్శబ్దమే. నడుము పట్టేసింది. మూడోరోజు సాయంత్రం గేటు దగ్గర మెట్టు మీద కూలబడ్డాను. ఒక అద్దం ఎక్కించలేకపోయాను, ఒక మనిషిచేత మాట్లాడించలేకపోయాను అనిపించింది. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది. ఏమైనా అందేమో తెలియదు.

నాలుగోరోజు పొద్దున్నే ఆ సందుకి పాలిథిన్ సంచి అంటించి, ఆవిడని ఎక్కించుకుని ఆస్పత్రికి బయల్దేరాను. కాలనీ దాటకముందే సంచి ఊడి టపటపా కొట్టుకోసాగింది. ఆవిడ చీర చెంగు కంటికి అడ్డం పెట్టుకుంది. అది చూశాక నా మిల్లు పౌరుషం పక్కన పెట్టి, రోడ్డు పక్కన కార్ల కరెంటు పనులు చేసే అతని దగ్గర ఆపాను. నలభై ఏళ్ళ మనిషి, ఇక్కడివాడే.

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒకసారి స్విచ్ నొక్కాడు, వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"కరెంట్ తో ఆ రహా హై, అంకుల్. మోటర్ జామ్ హై," అన్నాడు.

"ఎక్కడొస్తోంది? తలుపులో చప్పుడే లేదు కదా," అన్నాను హిందీలో.

అతను నన్ను వింతగా చూశాడు. మళ్ళీ నొక్కి, "టిక్ టిక్ బోల్ రహా హై న, అంకుల్!" అన్నాడు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వుతూ.

నేను తల వంచి తలుపుకి చెవి ఆనించాను. అతను నొక్కుతూనే ఉన్నాడు. అతని వేలు కదలడం కనిపిస్తోంది. నాకేమీ వినబడలేదు.

తలెత్తి మా ఆవిడని చూశాను. "నీకినబడతందా?"

"మొదటిరోజే సెప్పాను కదండీ, టిక్కుమంటందని. రెండుసార్లు సెప్పాను," అంది. ఎదురుగా ఉండి, నా మొహంలోకి చూస్తూ అంది కాబట్టి వినబడింది.

అతను ఒక చేత్తో స్విచ్ నొక్కిపట్టి, రెండో చేతి పిడికిలితో తలుపు మీద గట్టిగా రెండు గుద్దులు గుద్దాడు. అద్దం మూలుగుతూ పైకెక్కింది. మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, మోటారు మార్చేదాకా అద్దం దించకండని చెప్పాడు. కార్బన్ బ్రష్‌లు! ఎన్ని వందలు మార్చానో నా చేతులతో.

స్టీరింగు ముందు కూర్చున్నాను గానీ తాళం తిప్పబుద్ధి కాలేదు. హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో రిటైరయ్యాక రెండేళ్ళు పనిచేశాను. ఒక బేరింగు కీచుమంటోందని అక్కడివాళ్ళు అంటే, నాకే చెప్పొచ్చారా, అదేం లేదు పొమ్మన్నాను. మర్నాడు ఆ మోటారు కాలిపోయింది. ఆ తర్వాత యజమాని చాలా మర్యాదగా, ఇక విశ్రాంతి తీసుకోండన్నాడు. అప్పుడు అవమానమనుకున్నాను. సాయంత్రాలు టీ బడ్డీ దగ్గర మా రిటైరైన బ్యాచంతా చేరుతుంది. అందరూ అరిచే మాట్లాడతారు. మిల్లు గొంతులు, అలవాటైపోయాయి అనుకుంటాం. అందుకే అక్కడ ఎవరికీ ఏ లోటూ తెలియదు. నా చుట్టూ ఉన్నవాళ్ళలో అరవని మనిషి మా ఆవిడ ఒక్కతే.

నాకు చచ్చేంత సిగ్గేసింది.

"విజయనగరం ఎల్లలేదని కదా నాతో మాటలు మానేసావు?" అని అడిగాను.

"విజయనగరమేటండీ? అదెప్పుడో మర్సిపోయాను."

"మరేటి?"

ఆవిడ నా వైపు తిరిగింది.

"ఒకసారి సెప్తే మీకినబడదు. రెండోసారి సెప్తే గొణుగుతానంటారు. మూడోసారి అరవాల. అరిసి సెప్పాల్సినంత మాటలు నాకాడ ఏటున్నాయండీ?" అంది. కోపంగా అన్లేదు. అలిసిపోయి అంది.

ఏడాదిపాటు నేను క్షమించడానికి సిద్ధపడుతూ కూర్చున్నాను, తప్పు ఆవిడదనుకుని. కారు స్టార్ట్ చేశాను. రోడ్డెక్కాక ఆవిడ బయటికి చూస్తూ ఏదో అంది. ఎప్పటిలాగే ఊఁ కొట్టబోయి ఆగాను. బండి పక్కకి తీసి, ఇంజను ఆపేశాను.

"నాకినబడలేదు. ఇటు తిరిగి సెప్పు," అన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ తిరిగింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది.

"ఏటీ నేదండీ. ఇయ్యాల ఎండ కొంచెం తక్కువుందన్నాను. అంతే."