ఎడమ మోకాలి పరీక్ష

కూర్చునే ముందు జగన్నాధం ఎప్పుడూ కుడి మోకాలి మీది దుమ్ము దులుపుతాడు. అక్కడ దుమ్ముండదు, వాపుంటుంది. యాభై దాటినా తప్పెటగుళ్ల ఆట బృందంలో, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడేటప్పుడు అందరినీ భుజాల మీద మోసే అడుగు మనిషి అతనే. మోకాలి సంగతి బయటపడితే ఆ చోటు మేనల్లుడు త్రినాథ్‌కి పోతుంది. అందుకే సాధనలో మోకాళ్లకు తొడుక్కునే నీ-క్యాపుల కోసం విజయనగరానికి ఒంటరిగా వెళ్లాడు. షాపాయన రెండు మోకాళ్లకూ టేపు చుట్టి చూశాడు. "కుడికి పెద్ద సైజు కావాల, ఎడమకి మీడియం సాలు. జత ఇడదీసి ఇవ్వను బాబూ" అన్నాడు. మీడియం తొడిగితే కుడికాలు మడత పడలేదు. జగన్నాధం పెద్ద సైజు జతే కొన్నాడు.

ఆ సాయంత్రం సాధనలో కుడిది సరిగ్గా పట్టింది. ఎడమది గెంతినప్పుడల్లా పిక్క మీదికి జారుతుంటే వంగి పైకి లాక్కుంటూనే ఉన్నాడు. తప్పెట్లు ఆగాయి.

"ఎడమ మోకాలికి ఏటయింది మావా?" అన్నాడు త్రినాథ్.

"ఏటీ అవనేదురా."

"దాసకు. సూడనీ."

అందరూ చుట్టూ చేరి ఎడమ మోకాలిని నొక్కారు, మడిచారు, చాచారు. జగన్నాధం ముఖంలో ఏ మార్పూ లేదు.

"రాయిలాగున్నాది. మావకి ఈ వయసులో సోకులు" అని నవ్వి, త్రినాథ్ మావ భుజాల మీదికి ఎక్కడానికి సిద్ధమయ్యాడు.

జగన్నాధం కుడి మోకాలి మీది దుమ్ము దులుపుకుని భుజాలు వంచాడు.