గంపలు లేని బస్సు

ఫినాయిల్ వాసన తగిలితే నేను ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. దాంతోపాటు మా ఊరి బస్సూ, మా ఊరి పెద్దలూ గుర్తొస్తారు.

మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. రాత్రికి ఊళ్లోనే ఆగి, తెల్లారగానే కోట టౌనుకు బయలుదేరే బస్సు ఒకటి ఉండేది. కోటలో టైలరు షాపులో కుట్టుపనికి నేను అందులోనే వెళ్లేదాన్ని. మా పిన్ని చేపల గంపతో అందులోనే వచ్చేది. కోట బజారులో టీ అంగడి పక్కన, నీడపట్టున ఆమె కూర్చునే చోటు. చిన్నాయన పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ చోట కూర్చునే పెంచింది. అక్కడ చోటుకు పట్టాలేమీ ఉండవు. పొద్దున్నే వచ్చి ముందు గంప దించినవాళ్లదే. ఆ బస్సు పోతే చోటు పోతుందని పిన్నికి తెలుసు, మా అందరికీ తెలుసు.

డబ్బుల్లేవని డిపోవాళ్లు రూట్లు కుదిస్తున్నారనీ, మా బస్సులో జనం ఎంతమంది ఉన్నారో చూడటానికి ఆఫీసర్లు వస్తున్నారనీ కబురొచ్చింది. బుద్ధున్న ఊరైతే ఏం చేస్తుంది? ముసలీ ముతకా అందరినీ బస్సెక్కిస్తుంది. మావాళ్లు దురాయి వేశారు. దురాయి అంటే పెద్దలు ఊరంతటికీ పెట్టే కట్టుబాటు. దాన్ని దాటితే తప్పు కట్టాలి, నలుగురిలో తలదించుకుని నిలబడాలి. తప్పెట కొట్టి వీధి వీధీ చెప్పించారు.

"రేపు ఆఫీసర్లొస్తా ఉండారు! చేపల గంపతో ఎవురూ బస్సెక్కగూడదు! వాళ్లకి కంపు కొట్టగూడదు!"

పిన్ని కొంగు బిగించి నేరుగా ఊరి పెద్దాయన ఇంటికి పోయింది. నేనూ వెంట వెళ్లాను.

"ఏం మామా, బస్సెక్కేదే మేము. మేం ఎక్కకపోతే ఇంకెవురెక్కతారు?"

"ఒక్క పూటే గదమ్మే. అంత పెద్దోళ్లు ముక్కు మూసుకోని కూచోవాల్నా? ఊరికి మర్యాద గావాల్నా వద్దా?"

"నీ మర్యాద ఎక్కి కోటకి పోతానా నేను?"

"నోరెక్కువైంది నీకు. పో," అన్నాడాయన.

అంతటితో ఆగారా? ఆ సాయంత్రం బస్సు రాగానే ఫినాయిల్ పోసి కడిగించారు. డ్రైవర్ సీటు దగ్గర అగరొత్తులు గుచ్చారు. ఛీ, పెళ్లిచూపులకు కూడా అంత హడావుడి ఉండదు.

తెల్లారి ఆఫీసర్లు ఇద్దరు కారు దిగి బస్సెక్కారు. పెద్దాయన కొబ్బరి బోండాలు కొట్టించి స్వయంగా చేతికందించాడు. చేతిలో గంప లేదు కాబట్టి నన్ను ఎక్కనిచ్చారు. నేను కాక ఒక ముసలాయన, అంతే. ఆడవాళ్లంతా ఇళ్లల్లో ఉండిపోయారు. పిన్ని ఒక్కతే గుమ్మంలో నిలబడి బస్సు కదిలేదాకా చూసింది.

నేను ఉండబట్టలేక ఆఫీసరుతో అన్నాను. "దినామూ నిలబడేదానికి కూడా చోటుండదు సార్. ఈ పొద్దు మావాళ్లే ఆపినారు."

"ప్రతి ఊళ్లోనూ ఇదే చెప్తారమ్మా," అని ఆయన బోండాంలో స్ట్రా తిప్పుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

"టిక్కెట్ల లెక్క ఉంది గద సార్," అని కండక్టర్ గొణిగాడు.

"కంటితో చూసింది రాయమన్నారయ్యా," అన్నాడు రెండో ఆయన. వీళ్ల కళ్లు కాకులు పొడవ! ఖాళీ సీట్లు మాత్రం బాగా కనిపించాయి.

కొన్నాళ్లకు కొత్త రూటు వచ్చింది. బస్సు ఇప్పుడు పెద్దరోడ్డు దాకా వచ్చి అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. మా ఊరు అందులో లేదు. ఆటోవాళ్లు గంప నుంచి కారే నీళ్లు చూసి ఆగకుండా పోతారు.

అప్పుడు పెద్దలకు పిన్ని గుర్తొచ్చింది. మాట్లాడగలదని, డిపోకు తోడు రమ్మన్నారు. పిన్ని వచ్చింది, గంపతో వచ్చింది. నేనూ వెంట వెళ్లాను. గంప బయటే దించమని పెద్దాయన బతిమాలితే విననట్టే ఉంది. ఆఫీసరు గదిలోకి పోయి, బల్ల ముందే గంప దించింది. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"ఇంతమంది ఎక్కుతారంటున్నారు కదమ్మా, మరి ఆరోజు ఎందుకు ఎక్కలేదు?"

పెద్దాయన నేల చూశాడు. మిగతావాళ్లు పెద్దాయన్ని చూశారు.

"మీ ముక్కు కోసం సార్," అంది పిన్ని.

ఆఫీసరు నవ్వాడు. మళ్లీ సర్వే పడినప్పుడు చూద్దామన్నాడు. పెద్దాయన ఆ మాటకే చేతులు జోడించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పిన్ని పెద్దరోడ్డు దాకా గంప మోసుకుంటూ నడిచి, బస్సు పట్టుకుని కోట చేరింది. టీ అంగడి పక్కన ఒకామె నిమ్మకాయలు కుప్ప పోసుకుని కూర్చుంది. పిన్ని ఆమెను దాటుకుని పోయింది. బజారు చివర, మురుగుకాలవ పక్కన గంప దించింది. పనికి వెళ్తూ నేను అక్కడే కాసేపు నిలబడ్డాను. కంపు కాలవది. ముక్కు మూసుకున్న వాళ్లంతా పిన్ని వంక చూస్తూ పోయారు.