ఏమీ రాయని చీటీ

మా తెలుగు ప్రార్థన కూటం గురువారం సాయంత్రాలు నాందేడ్ స్టేషను వెనక సంఘపెద్ద ఇంట్లో జరిగేది. పది పదిహేను మందిమి. ఎవరి మనవి వాళ్లు చీటీ మీద రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేసేవాళ్లం. సంఘపెద్ద ఒక్కొక్కటి విప్పి చదివితే అందరం "నీ చిత్తమే కానీ ప్రభువా" అనేవాళ్లం.

నేను పాలిటెక్నిక్ ముగించి నూలు మిల్లులో మరమ్మతుల పనిలో చేరిన ఏడాది, నా భార్యకు ఏడో నెలలోనే కాన్పయింది. మగపిల్లవాడు. కిలోన్నర కూడా లేడు. దవాఖానాలో బల్బు వేడి కింద ఉంచారు.

ఆ గురువారం నా చీటీలో మూడు అంశాలు రాశాను. ఒకటి, ఊపిరి నిలకడగా ఆడాలి. రెండు, పాలు మింగాలి. మూడు, ఆదివారంలోగా యాభై గ్రాములు పెరగాలి. మిల్లులో విడిభాగాలు కావాలని స్టోరుకు ఇండెంటు రాసే పద్ధతి అదే. కింద గీత కూడా గీశాను.

అమ్మకు చదువు రాదు. ఎప్పుడూ ఖాళీ చీటీనే మడిచి వేసేది. సంఘపెద్ద దాన్ని విప్పి "ఇది అక్కది" అని చూపేవాడు. దానికీ మేం ఆ మాటే అనేవాళ్లం. ఆ రోజూ అంతే.

తిరిగి వస్తూ అడిగాను. "నేను రాసిస్తనంటి గదనే. పిల్లగాని కోసం గూడ ఖాళీదేనా?"

"నువ్వు మూడు రాస్తివి గద, సాలవా?"

"నీది నువ్వు అడగాలె."

"గ్రాములు గిట్ల నాకు తెల్వయి బిడ్డా. ఆయన ఎట్లంటే అట్ల."

అమ్మకు పెద్దగా ఆశ లేదనుకున్నాను.

శనివారం పొద్దున పిల్లవాడు పోయాడు. నేను చేసిన పనులు వరుసగా గుర్తున్నాయి. కాగితం మీద సంతకం పెట్టాను. శవపెట్టెకు వడ్రంగికి కొలత ఇచ్చాను, పద్దెనిమిది అంగుళాలు. మిల్లుకు సెలవు అర్జీ పంపాను. ఏడుపు రాలేదు. నా భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

అమ్మ సంచిలోంచి ఒక టోపీ తీసింది. వాడు పుట్టిన రోజు నుంచీ కుడుతోందట. వాడి తలకు పెడితే ముక్కు దాకా జారింది.

"గింత పెద్దగ కుట్టినవేందే?"

"సలికాలానికి సరిపోతదని."

అప్పుడు అమ్మ గట్టిగా ఏడ్చింది. చాలాసేపు. తర్వాత టోపీ అంచును రెండు మడతలు వేసి కళ్ల మీదినుంచి పైకి జరిపి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నీ చిత్తమే కానీ" అంది.

వాడు చలికాలం దాకా ఉండాలని కోరుకుంది. చీటీ మాత్రం ఖాళీగా వేసింది.

తర్వాతి గురువారం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒకటి అని అంకె వేశాను. దాని పక్కన రాయడానికి ఏమీ దొరకలేదు. అలాగే మడిచి వేశాను.

సంఘపెద్ద విప్పి నావైపు చూశాడు. "ఒకటి అని ఉన్నది. పక్కన ఏం లేదేంది బిడ్డా?"

"ఉండనియ్ తమ్మీ," అంది అమ్మ. "అట్లనే సదువు."

ఆయన "ఒకటి" అని చదివాడు. అందరూ "నీ చిత్తమే కానీ ప్రభువా" అన్నారు. నేనూ అన్నాను. నాలో ఏదీ కదల్లేదు. పక్కన అమ్మ గొంతు మాత్రం వణికింది.