ఎనిమిదో మాట

మనస్తత్వశాస్త్ర విభాగంలో అందరూ ఆమెను గడియారమ్మ అంటారు. పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. కాగితం మీది ఏడు మాటల్ని, సెకనుకొకటి చొప్పున, ఎత్తుపల్లాలు లేని గొంతుతో చదవడం. విన్నవాళ్లు వెంటనే నూరు నుంచి మూడేసి తగ్గిస్తూ బయటికి వినబడేలా లెక్కపెడతారు. అర నిమిషం తర్వాత గుర్తున్నవి రాస్తారు. లోలోపల వల్లె వేసుకోని మాట అర నిమిషంలో చెరిగిపోతుందని ప్రొఫెసరు గారి సిద్ధాంతం. అది నిలుస్తుందో కూలుతుందో తేల్చడానికే ఈ పరీక్షలన్నీ.

ఆ పొద్దున ఆరుగురు రాశారు. ఒకడికి రెండు మాటలు గుర్తున్నాయి, ఒకమ్మాయికి ఏడింట్లో ఒక్కటీ లేదు. కానీ ఆరు కాగితాల మీదా "తలుపు" అని ఉంది. జాబితాలో ఆ మాటే లేదు.

"ఏం గడియారమ్మగారూ, ఇవాళ ఎనిమిది కొట్టారా?" అన్నాడు ప్రొఫెసరు.

"ఏడే చదివాను సార్. ఒట్టు."

"ఒట్లెందుకు, మీరు చదివింది రికార్డయిన టేపుందిగా. మీరే కలిపారని తేలితే రేపట్నించి యంత్రంతో చదివించుకుంటా."

ఆమె భయం ఉద్యోగం గురించి మాత్రమే కాదు. ఇంట్లో అక్కకు జబ్బు ఇలాగే మొదలైంది, తను అన్న మాటనే అనలేదంటూ. ఇప్పుడు అక్కకి అర నిమిషం కిందటిదేదీ నిలవదు. వీధిలోకి వెళ్లి తప్పిపోకుండా గడియారమ్మ రోజూ బయట తాళం వేసి వస్తుంది.

టేపు తిరిగింది. గొడుగు, ఇటుక, దువ్వెన, పాలు, నిచ్చెన, సూది, మేఘం. సరిగ్గా ఒక సెకను తర్వాత, "తలుపు."

గొంతు ఆమెదే.

అనుమానంతో చేతిసంచి తడిమింది. తాళంచెవితో పాటు తాళంకప్ప కూడా సంచిలోనే ఉంది.

పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది. తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

"వచ్చావుటే? గొడుగు, ఇటుక, దువ్వెన, పాలు, నిచ్చెన, సూది, మేఘం." సెకనుకొకటి.

ఆ జాబితా ఉన్న సీలు కవరును గడియారమ్మ విప్పిందే ఆ పొద్దున పదింటికి, విభాగంలో.

"అక్కా, నూరు నుంచి మూడేసి తగ్గించు," అంది.

"నూరు, తొంభై ఏడు, తొంభై నాలుగు..." అక్క ఎక్కడా తడబడలేదు. గోడ గడియారంలో అర నిమిషం గడిచింది. అక్క మళ్లీ ఏడూ అప్పజెప్పింది, ఒక్కటి పోకుండా.

"ఇక నీ వంతే, చెప్పు," అంది నవ్వుతూ.

పొద్దున తను చదివిన మాటల కోసం గడియారమ్మ నోరు తెరిచింది. ఒక్కటే దొరికింది. జాబితాలో లేనిది.