ఎల్సీ మేడమ్ నోట మా అమ్మ జోల

మా ఇంట్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు నన్ను బయటికి పంపేవారు. సరిగ్గా భయపడాల్సిన చోట "పిల్లి అయి ఉంటుందిలే" అని చెడగొట్టేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని బతిమాలను. విన్నది విన్నట్టు చెప్తాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇప్పుడు ఉండేది ఖతర్‌లో. మా ఆయనకు ముఐథర్ అనే చోట బిల్డింగు సైటు డ్యూటీ. నాకు ముషైరిబ్ దగ్గర ఒక హోటల్లో పని. అక్కడ పాడటానికి వచ్చేవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, వాళ్ల గది చూసుకుంటాను.

పోయిన చలికాలం ఇంగ్లండు నుంచి నలుగురు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, అందరూ పండు ముసలివాళ్లు. వయసులో ఉన్నప్పటి నుంచి కలిసే పాడుతున్నారట. జాజ్ అంటారు దాన్ని. పక్కన ఒక్క పియానో ఉంటుంది. మిగతాదంతా నాలుగు గొంతులే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మధ్యలో మాటలు వదిలేసి "దూబి దాబి" అంటూ అర్థం లేని చప్పుళ్లతో ఒకరి తర్వాత ఒకరు ఆడుకుంటారు.

అందరిలోకీ పెద్దావిడ ఎల్సీ మేడమ్. మతిమరుపు జబ్బు. తను ఏ ఊళ్లో ఉందో ఆమెకే తెలియదు. ఆ బృందాన్ని నడిపించే రాబర్ట్ గారు ఆమె సొంత తమ్ముడు. ఆయన్నే "ఎవరండీ మీరు?" అని అడిగేది. పాట ఎత్తుకుంటే మాత్రం నడుం నిటారుగా అయ్యేది, కళ్లలోకి వెలుగు వచ్చేది.

గురువారం పాటలో ఆమె వంతు వచ్చేసరికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తర్వాత గదిలో నేను చొక్కాలు మడత పెడుతుండగా రాబర్ట్ గారు మిగతా ఇద్దరితో అన్నాడు. రేపు కూడా ఇలాగే అయితే అక్కను ముసలివాళ్ల ఆశ్రమంలో చేర్చేస్తాను, ఇక మనం ముగ్గురమే పాడదాం అని. అంటూనే ఏడ్చాడు. నా ఇంగ్లిష్ అంతంత మాత్రమే అయినా అది అర్థమైంది. పాట కూడా పోతే ఆమెకు ఇంకేం మిగులుతుంది అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ ప్రోగ్రాం. తెర పక్కన ఎల్సీ మేడమ్ చేయి పట్టుకుని నిలబడ్డాను. చేయి చల్లగా ఉంది. వదిలిపెట్టి వేదిక మీదికి పంపాను.

మూడు పాటలు బాగానే గడిచాయి. నాలుగో పాటలో చప్పుళ్ల ఆట వచ్చింది. ముగ్గురూ అయ్యారు, ఆమె వంతు. గొంతు రాలేదు. పియానో అతను అదే ముక్క మళ్లీ వాయించాడు. మళ్లీ రాలేదు. రాబర్ట్ గారు తల దించుకున్నాడు.

అప్పుడామె మెల్లగా తెర వైపు తిరిగింది. నన్నే చూసింది. చూస్తూ పాడింది.

"పెంటీ పెంటీ నా పెంటీ... ఎవలికి వద్దు నా పెంటీ... నాకే ముద్దు నా పెంటీ..."

తెర పట్టుకుని నిలబడ్డాను.

నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ మా అమ్మకు దక్కలేదు. అందుకని నన్ను పుట్టగానే చేటలో పెట్టి, పెంటకుప్ప మీద ఉంచి తెచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టింది. చావుకు కూడా వద్దనిపించాలని. ఆ జోల ఆమె సొంతంగా అల్లుకున్నది. నా చిన్నతనంలోనే అమ్మ పోయింది. బడిలో నన్ను పద్మ అని రాశారు. పాస్‌పోర్టులోనూ పద్మే. ఖతర్‌లో మా ఆయనకు తప్ప ఇంకెవరికీ ఆ పేరు తెలియదు.

ఆమె ఆగలేదు. "అడగొస్తె లేదంట నా పెంటీ" అని ఇంకో ముక్క పాడింది. అది నేనెప్పుడూ విన్నది కాదు. మిగతా ముగ్గురూ ఎన్నో ఏళ్లుగా తెలిసిన పాటలాగా పైగొంతు, కిందిగొంతు కలిపారు. వద్దు వద్దు, ముద్దు ముద్దు. జనం అదీ జాజే అనుకుని లేచి చప్పట్లు కొట్టారు.

నా చెవులే మోసం చేశాయి అనుకుందును. కానీ ప్లేట్లు తీసే షాహీన్ పరుగెత్తుకొచ్చింది. నిజామాబాద్ పిల్ల.

"పద్మక్కా, ఇన్నవా? గా ముసలామె పెంట పెంట అంటున్నది! బిర్యానీ గంత ఖరాబున్నదా ఏంది, యా అల్లా!"

నాకు నవ్వు రాలేదు.

తర్వాత రాబర్ట్ గారు నా దగ్గరికొచ్చి, ఆ పాట నువ్వు నేర్పావా అని అడిగాడు. లేదన్నాను. మేమూ ఎప్పుడూ వినలేదు, నోళ్లు వాటంతట అవే కదిలాయి అన్నాడు.

డ్యూటీ దిగి మా చిన్నమ్మకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పకుండా అమ్మ జోల పాడమన్నాను.

"దుబాయిల పనిజేసుకుంట గిదేం యాదికొచ్చిందే నీకు!" అని నవ్వి పాడింది. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. చివర్న "అడగొస్తె లేదంట" అంది. ఆ ముక్క నాకు తెలియదే అన్నాను.

"నీకెట్ల తెలుస్తదే? జరమొచ్చి నువ్వు తెలివి దప్పి పడ్డనాడు మీ అమ్మ కట్టింది. సావు లోపటికి రావొద్దని వాకిట్ల అడ్డం గూసోని తెల్లారేదాంక పాడింది. నువ్వు లేశి కూసున్నంక మల్ల పాడలే."

మర్నాడు పొద్దున వాళ్లు వెళ్లిపోయే కారు వచ్చింది. నలుగురూ ఎక్కుతున్నారు. అక్కను ఇక ఎక్కడా వదలనని రాబర్ట్ గారు చెప్పాడు. నేను ఎల్సీ మేడమ్ శాలువా సరిచేశాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. పద్మను మేడమ్ అన్నాను.

చిన్నపిల్ల అబద్ధమాడితే నవ్వినట్టు నవ్వింది. నా చెంప మీద చేయి వేసి, "అది నీ పేరు కాదు కదా" అంది ఇంగ్లిష్‌లో.

తలుపు మూసుకుంది, కారు కదిలింది. సొంత తమ్ముడి పేరు గుర్తులేని మనిషి ఆ మాట ఎందుకందో, ఎలా అందో నాకు ఇవాళ్టికీ తెలియదు.