రిజిస్టరులో మా ఆయన పేరు

మేము బర్మా వదిలి వచ్చేసిన ఏడు మా ఆయనకి నలభై నాలుగేళ్లు. రంగూన్‌లో ఆయన డాక్టరు. ఒకే వీధిలో పద్దెనిమిదేళ్లు ప్రాక్టీసు చేశారు. ఇక అక్కడ బతకడం కుదరదని తేలాక ఓడెక్కి, విశాఖపట్నంలో దిగి, భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా అన్నయ్య ఇంటికి చేరాం. మాకు పిల్లలు లేరు. తెచ్చుకున్నవి రెండు పెట్టెలు. ఆయన డిగ్రీ పట్టా ఉన్న రేకు గొట్టాన్ని రంగూన్ రేవులో సామాను తనిఖీ చేసే అధికారి తీసుకుని పక్కన పెట్టేశాడు. అడిగితే తర్వాత పంపిస్తామన్నాడు.

వైద్యం చెయ్యాలంటే హైదరాబాదులో ఉన్న మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరుండాలి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఆయనే విడమరిచి చెప్పారు. ఇదంతా మద్రాసు రాష్ట్రంగా ఉన్నప్పుడు ఇక్కడి డాక్టర్ల పేర్లు మద్రాసు పుస్తకంలో ఉండేవట. రాష్ట్రం వేరుపడ్డాక మన పుస్తకం మనకొచ్చింది. ఎవరు ఎక్కడ చదివారో చూసి నెంబరు ఇవ్వడం, రోగి విషయంలో తప్పు చేసినవాణ్ణి పిలిచి సంజాయిషీ అడగడం, మరీ ఘోరమైతే పేరు తీసెయ్యడం ఆ కౌన్సిలు పని. ఆయన చదివిన కాలపు రంగూన్ డిగ్రీ ఇక్కడ చెల్లుతుంది. చూపించడానికి కాగితమే లేదు.

కౌన్సిలుకి దరఖాస్తు పెట్టారు. అసలు పట్టా అయినా, కాలేజీ నుంచి ధ్రువీకరణ అయినా పంపమని జవాబొచ్చింది. రంగూన్‌కి ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు.

మా అన్నయ్యకి ఇదంతా చాదస్తంలా కనిపించేది. “బావా, ఈ సుట్టుపక్కల సూదులేసీవోళ్లకి ఏటి కాయితాలున్నాయేటి? ఆలకంటే నువ్వు తక్కువేటి? అరుగు మీద కుర్సీ ఏస్కుని కూకో” అనేవాడు.

“రిజిస్టరులో పేరుంటే, నేను తప్పు చేసినప్పుడు నన్ను అడిగేవాళ్లుంటారు బావా. అడిగేవాళ్లు లేని డాక్టరు దగ్గరికి మీ చెల్లెల్ని పంపిస్తావా?” అన్నారు మా ఆయన.



ఖాళీగా కూర్చోలేక ఆయన విజయనగరంలో ఒక డాక్టరు దగ్గర మందులు కలిపే పనిలో చేరారు. ఆ డాక్టరు ఈయనకంటే పదిహేనేళ్లు చిన్న. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, దీపాలవేళకి వచ్చేవారు. కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నాడి చూసేవారు. నాకు జబ్బేమీ లేదు. ఆయనా అడిగేవారు కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు. చూడడం అయిందనిపించేదాకా చెయ్యి అలాగే ఉంచేదాన్ని.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక ఆదివారం చేపలమ్మే ఆమె ఒకతె కూతుర్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్లకి అయిదేళ్లుంటాయి. సూదులేసే మనిషి జలుబని చెప్పి మందిచ్చాడట. మా ఆయన పిల్ల నోరు తెరిపించి గొంతులోకి చూశారు. ముఖం మారిపోయింది.

“కంఠసర్పి. గొంతులో పొర కట్టేస్తోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, ఇప్పుడే.”

“నువ్వే ఓ సూది ఏసీ బాబూ. నానెవులికీ సెప్పను.”

“దీనికి కావలసిన మందు నా దగ్గర లేదమ్మా. ఉన్నా నేను వెయ్యకూడదు.”

“అంత సదువు సదివి సేతులు కట్టుకు కూకున్నావేటి!” అని ఆమె ఏడ్చింది.

ఆయన పిల్లని తన చేతుల్లోకి తీసుకుని బయల్దేరారు. తల్లికి తోడుగా నేనూ వెళ్లాను. విజయనగరం దాకా బస్సులో పిల్ల తల పైకి ఎత్తి పట్టుకుని, ఊపిరి అందుతోందో లేదో చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రిలో ఫలానా జబ్బు, ఫలానా మందు వెంటనే ఇవ్వాలి అని చెబితే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఎగాదిగా చూసి, “మీరెవరు?” అన్నాడు.

“కాంపౌండరుని” అన్నారు మా ఆయన.

పిల్ల బతికింది. ఆ ఒక్కమాట మాత్రం నా గుండెలో ముల్లులా దిగిపోయింది.

మర్నాడు ఆయన బస్సెక్కాక కౌన్సిలు రాసిన ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నాకొచ్చిన ఇంగ్లీషు కొంచెమే, అయినా కూడబలుక్కుని చివరిదాకా చదివాను. ఏ కాగితమూ దొరకని పక్షంలో, ఆయనతో కలిసి చదువుకున్న ఇద్దరు రిజిస్టరైన డాక్టర్లు ప్రమాణపత్రం ఇస్తే పరిశీలిస్తామని అడుగున ఉంది. సాయంత్రం ఆయన్ని అడిగితే, “చూశాను. మావాళ్లు తలో దిక్కయిపోయారు. ఎక్కడని వెతుకుతాను?” అన్నారు.

నేను వెతికాను. బర్మా నుంచి వచ్చినవాళ్లకి ఒకరి ఆచూకీ ఒకరికి తెలుస్తుంది. పొందూరులో నూలు వడికే ఒకావిడ మా ఓడలోనే వచ్చింది. ఆవిడ దగ్గరికి వెళ్లాను. శ్రీకాకుళంలో కాన్పులు చేసే డాక్టరమ్మ రంగూన్‌లో చదివిందని విన్నానంది. అన్నయ్యని వెంటబెట్టుకుని శ్రీకాకుళం వెళ్లాను.

డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని, “మీ ఆయన ఎడమ చేత్తో రాస్తాడా?” అంది.

“అవునండి.”

“శవం కోసే గదిలో మొదటిరోజే కళ్లు తిరిగి నా మీద పడ్డాడమ్మా. ఆ మనిషి డాక్టరయ్యాడా చివరికి?” అని పకపకా నవ్వింది.

“అక్కడ అయ్యారండి. ఇక్కడే ఇంకా కాలేదు.”

ఆవిడ నవ్వు ఆపేసింది. అప్పటికప్పుడు ప్రమాణపత్రం రాయించి సంతకం పెట్టింది. బరంపురంలో ఉన్న ఇంకో సహాధ్యాయి చిరునామా తనే వెతికి, ఉత్తరం కూడా తనే రాసింది. పందొమ్మిదేళ్ల వయసులో మా ఆయన ఎలా ఉండేవారో ఆవిడకి తెలుసు, నాకు తెలీదు. తిరుగు బస్సులో దారిపొడుగునా అదే ఆలోచన.

రెండు పత్రాలూ చేరాక కౌన్సిలు పిలిచింది. వాల్తేరులో బండి మారి హైదరాబాదు వెళ్లాం. ఆఫీసు గది చిన్నది, గోడ పొడుగునా బీరువాలు. ఆయన్ని లోపలికి పిలిచారు. తలుపు ఓరగా ఉండడంతో బయట బల్ల మీద కూర్చున్న నాకు మాటలు వినిపించాయి. ఎవరి దగ్గర ఏం చదివారో, ఏ వార్డులో పనిచేశారో చాలాసేపు అడిగారు. చివర్లో ఒక పెద్దాయన, “ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?” అన్నాడు.

“మందులు కలుపుతున్నానండి.”

“ప్రాక్టీసు చెయ్యలేదా?”

“నెంబరు లేదు కదండీ.”



నెల తిరక్కుండా నెంబరు వచ్చింది. అన్నయ్య అరుగు మీద కుర్చీ వేయించాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆయన అక్కడే వైద్యం చేశారు. ఆయన పోయాక, రిజిస్టరులో పేరు తియ్యాలి కదా అని, కౌన్సిలుకి ఆ కబురు నేనే రాశాను. ఆయన ఉంటే అలాగే చెయ్యమనేవారు.

ఇప్పుడు తలుచుకుంటే, మళ్లీ ఒక్కసారి రావాలనిపించేది నెంబరు వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం. డాక్టరమ్మ శ్రీకాకుళం నుంచి చూడ్డానికి వచ్చింది. ఆవిడ కోసం సేమ్యాతోనూ కొబ్బరిపాలతోనూ రంగూన్‌లో తినే ఖౌసే లాంటిదేదో చేశాను, అంత బాగా కుదరలేదు. వాళ్లిద్దరూ తింటూ బర్మా భాషలో కబుర్లలో పడ్డారు. నాకొచ్చింది సంతలో బేరమాడే బర్మా మాత్రమే, అందుకని సగం అర్థం కాలేదు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వాను. మా ఆయన చేతులు ఊపుతూ, ఏదో పాత మేష్టారిని అనుకరిస్తూ, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఓడ ఎక్కిన తర్వాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. నన్ను పెళ్లాడక ముందు ఆయన ఎలాంటి కుర్రాడో ఆ కాసేపు నాకు కనిపించాడు. ఆవిడ బస్సుకి వేళవుతోందని అన్నయ్య గుమ్మంలోంచి గుర్తుచేస్తే, ఇంకో బస్సుంది కదా, ఉండనీ అన్నాను.