మావయ్యగారు కూర్చున్న గట్టు

కూర్చో చిన్నీ, అటూ ఇటూ చూడకుండా సరిగ్గా విని రాయి. ఆ రోజుల్లో హనుమాన్ జంక్షన్ అవతల మాకు సొంత చెరువుండేది. సొంత చెరువంటే మరేం లేదు, వాన నీళ్లు నిలవడానికి మీ తాతయ్య వాళ్ల నాన్న, అంటే మా మావయ్యగారు, మట్టి గట్టు పోయించారు. గవర్నమెంటుది కాదు కాబట్టి దానికి ఇంజినీరూ ఆయనే, కాపలావాడూ ఆయనే, ఫిర్యాదు చేస్తే పట్టించుకోని ఆఫీసరూ ఆయనే. డెబ్భైల్లో నేను కొత్త కోడలిగా వచ్చేసరికి, రోజూ మా గేదెలు దిగే చోట గట్టు అరిగి పల్లమైపోయింది. "ఏమండీ, అక్కడ కాస్త మట్టేయించి దిమ్మిస కొట్టించండి" అని అత్తయ్యగారంటే, "గేదెలకి దారుండాలి కదే" అనేవారు. (అంత జాలి మా మీద చూపించగా నేను చూళ్లేదు. ఇది రాయకు.)

గట్టుకి ఓ చివర అలుగుండేది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు దాని మీంచి పొర్లి పోతాయి. ఆ ఏడు ఓ ఆదివారం పాస్టరుగారు ప్రార్థనకీ భోజనానికీ మా ఇంటికొస్తానన్నారు. "మా చెరువు కొరమేనే పెడతానండీ" అని మావయ్యగారు చర్చి మెట్ల మీద అందరూ వినేలా మాటిచ్చేశారు. ఇక చేపలు దాటిపోకుండా అలుగుకి అడ్డంగా వెదురు తడిక కట్టారు. నీళ్లు పోతాయి, చేపలుంటాయి అని ఆయన ధీమా. శుక్రవారం వాన పట్టుకుంది. శనివారం పొద్దున్న మేం వెళ్లి చూస్తే తడిక నిండా గడ్డి, తాటాకులు, గుర్రపుడెక్క. చుక్క నీరు పోవట్లేదు. చెరువు గట్టంచుకొచ్చేసింది. కిందేమో పొట్ట మీదున్న మా వరి, ఏడాది తిండి. దాని పక్కనే చిన్నమావయ్యగారి వరి. (మావయ్యగారికి తమ్ముడి వరస. ఇద్దరికీ మాటల్లేవు, ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు.)

"తడిక తీసేద్దామండీ" అన్నారు అత్తయ్యగారు.

"తీస్తే పాస్టరుగారికేం పెడతావ్? ఉండు."

ఈలోగా గేదెల దారి మీంచి నీళ్లు సన్నగా జారడం మొదలెట్టాయి. అవతల మట్టి కొద్దికొద్దిగా కరుగుతోంది. మావయ్యగారు చూశారు, ఆలోచించారు, గొడుగు వేసుకుని వెళ్లి ఆ పల్లంలో కూర్చున్నారు. నిజమే, నీళ్లాగాయి. మనిషి కాస్త భారీ.

"అమ్మాయ్, పరుగెత్తి గోనెసంచులు పట్రా" అన్నారు నాతో, కుర్చీలో కూర్చున్నంత తాపీగా.

నేను కదిలేలోగా అత్తయ్యగారు కొంగు దోపుకుని అలుగు దగ్గరికి నడిచారు. చేతిలో కొడవలి.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"లేచొచ్చి ఆపండి."

లేస్తే గట్టు పోతుంది. కూర్చుంటే చేపలు పోతాయి. కూర్చునే అరిచారు. తడిక కట్లు తెగాయి, నీళ్లు భళ్లున దూకాయి, వాటితో పాటు కొరమేన్లూ ఆయన కళ్లముందే ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. కింద చిన్నమావయ్యగారు గంప పట్టుకుని నిలబడ్డారు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వరి దక్కింది. ఆదివారం పాస్టరుగారికి గోంగూర పప్పు వడ్డించాం. అప్పుడే చిన్నమావయ్యగారింటి నుంచి గిన్నెడు చేపల పులుసొచ్చింది. పాస్టరుగారు, "పొరుగువాడి ప్రేమకి వందనాలు ప్రభువా" అని ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. మావయ్యగారు అందరికంటే ఆఖరున అన్నారు. పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నారు.

ఆ తర్వాత ఏటా తొలకరికి ముందే ఆ పల్లానికి మట్టేయించి, దగ్గరుండి దిమ్మిస కొట్టించేవారు. తడిక మాటెత్తలేదు. ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది, అటు వెళ్తే ముందు ఆ చోటే కాలితో నొక్కి చూస్తాను. అప్పుడంత నవ్విన దాన్ని, ఇప్పుడు మట్టి కాస్త మెత్తగా తగిలిందంటే చాలు, గొడుగేసుకుని నేనే అక్కడ కూర్చుం...

"అత్తయ్యా, చిన్నీ, అన్నం పెట్టేశాను, రండి! పులుసు చల్లారిపోతోంది!"